చప్పుడు చేయని బండి

పలాస,
జూన్ రెండో వారం

బావకి ప్రదీపు నమస్కారాలు.

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా "ఆఁ, ఆఁ, అంతా బాగే" అనేసి అక్క చేతికి ఇచ్చేస్తావు. మొన్న వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపావు, ఉత్తరం రాయి, నేనూ రాస్తాను అని. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మా ఆవిడ ఒకటే నవ్వు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. అయినా పెద్దవాడివి, నీ మాట కాదనలేక కూర్చున్నాను. జీడిపప్పు కార్ఖానా గుమస్తా రాత, నగిషీలేమీ ఉండవు.

విషయానికి వస్తాను. అక్క నిన్న ఫోన్లో గట్టిగా మాట్లాడింది. నీ బండి మళ్ళీ దారిలో ఆగిపోయిందట. వాట్‌గంజ్ వార్డు ఆఫీసులో హాజరు వేసే వేళకి ఆవిడ చేరలేకపోయిందట. "మీ బావకి నువ్వైనా సెప్పు ప్రదీపూ. బండి మెకానిక్కి సూపిస్తే ఎక్కుతాను. నేదంటే బస్సెక్కి ఎల్లిపోతాను. ఇంకేటి సెప్పను" అంది. అక్క ఊరికే బెదిరించే మనిషి కాదని నాకంటే నీకే బాగా తెలుసు.

నేనూ మీతో హుగ్లీ ఒడ్డున ఉన్నప్పుడు మనిద్దరం ఒకే రోజున ఖిదిర్‌పూర్‌లో ఒకే రకం బండ్లు కొన్నాం. నేను ఈ ఊరొచ్చినప్పుడు నాది రైల్లో వేయించుకుని తెచ్చుకున్నాను. అది ఇంకా నడుస్తోందంటే కారణం, నేను దాని జోలికి పోకపోవడమే. కామేష్ అని ఇక్కడో మెకానిక్ ఉన్నాడు. వాడి షెడ్డులో బండి వదిలి, ఎదురుగా టీ బడ్డీలో కూర్చుంటాను. వాడు చేతులు నల్లగా చేసుకుంటాడు, నేను పేపరు చదువుకుంటాను. నీకేమో ఆదివారం వస్తే గోనెపట్టా పరిచి బండి పేగులన్నీ బయటికి లాగితే గాని అన్నం సహించదు.

ఇన్నాళ్ళూ నవ్వుకున్నాను. ఇప్పుడు మధ్యలో అక్క ఉంది. మీ దారిలో ఓడరేవు డాక్ గేట్ల దగ్గర కంటైనర్ లారీలు ఎలా దూసుకొస్తాయో నేను మర్చిపోలేదు. ఒక్కసారి ఎవరికైనా చూపించరాదా? నీ పరువేమీ పోదు.

మా పిల్ల సమీరకి మీ వైపు న్యూ టౌన్‌లో ఉద్యోగం ఖాయమైంది. వచ్చే నెల బయల్దేరుతుంది. అత్తా మామయ్యా ఉన్నారు కదా అని మా ధైర్యం.

నీ బావమరిది,
ప్రదీప్‌కుమార్

*

గార్డెన్ రీచ్,
జూన్ ఆఖరు

చిరంజీవి ప్రదీపుకి బావ కోదండం ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇంటి మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. చూశావా, ఫోన్లో అయితే నన్ను ఇంత వివరంగా తిట్టగలిగేవాడివా? ఫోను తొందరపడేవాళ్ళకి. నాకిప్పుడు తొందరేమీ లేదు.

సమీర వస్తున్నందుకు మీ అక్క అప్పుడే పక్కింటివాళ్ళందరికీ చెప్పేసింది.

ఇక బండి సంగతి. మా సందు మొదట్లో అభిజిత్ అనే బెంగాలీ కుర్రాడి షెడ్డు ఉంది. మంచివాడు, పనిమంతుడు, నేను కనబడితే "దాదా" అని లేచి నిలబడతాడు. కాదనను. కాని అతని దగ్గరికి రోజంతా బండ్లు వస్తూనే ఉంటాయి. వాటిలో నాదొకటి. నాకు అలా కాదు. నా బండిలో ఏ మర ఎంతదాకా సాఫీగా తిరిగి ఎక్కడ కాస్త పట్టేస్తుందో నా చేతికి తెలుసు. అక్కడ బలవంతం చేయకూడదు, ఒక క్షణం ఆగి వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి తిప్పాలి. ఇది అతనికి చెప్పవచ్చు. చెప్తే తలూపుతాడు. కాని బండి విప్పేది నేను టీ తాగి వచ్చేలోపే కదా.

ఇంకో మాట. పోయినేడాదితో ఓడల కార్ఖానాలో నా పని అయిపోయింది. అంతవరకూ ఎవడో ఒకడు "మిస్త్రీ, ఇది చూడు" అని పిలిచేవాడు. ఇప్పుడు ఎవరూ పిలవరు. తెల్లారితే నాకు మిగిలిన డ్యూటీ ఒకటే, మీ అక్కని వెనక కూర్చోబెట్టుకుని వాట్‌గంజ్‌లో దింపి రావడం. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ డ్యూటీకి బస్సెక్కి ఎరగదు. ఆ బండిని తయారుచేసేది కూడా నేనే అయితేనే అది పూర్తిగా నా పని అనిపిస్తుంది. వేరేవాడు బాగుచేసిన బండి మీద నేను ఉత్త డ్రైవరుని.

ఈసారి టాపెట్లు కూడా సరిచేశాను. నీకు ఎలాగూ తెలియదు కాబట్టి చెప్తాను. ఇంజను తలకాయలో వాల్వుల్ని నొక్కే చిన్న మీటలుంటాయి. మీటకీ వాల్వుకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. సందు పెరిగితే టకటకమంటుంది, బొత్తిగా లేకపోతే వాల్వు మాడిపోతుంది. కొలవడానికి సన్నటి రేకులు అమ్ముతారు. నేను ఏనాడూ రేకు పెట్టి ఎరగను. కాస్త తిప్పడం, స్టార్ట్ చేసి వినడం, మళ్ళీ తిప్పడం. సన్నగా, వినీ వినబడనట్టు టిక్కుమంటే అక్కడ ఆపేయడం. పాత మిస్త్రీల పద్ధతి ఇదే.

ఈసారి ఎంత బాగా కుదిరాయంటే బండి అసలు చప్పుడే చేయడం లేదు. కొత్తలో కూడా ఇంత మెత్తగా నడవలేదు. దారిలో ఆగిపోయింది ప్లగ్గులో మసి పట్టి, అది మార్చేశాను. మీ అక్కకి నువ్వే నచ్చజెప్పు.

బావ

*

పలాస,
ఆగస్టు మొదట్లో

బావకి,

నీ ఉత్తరం చదివాక నా బండి దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. దానిలో ఏ మర పట్టేస్తుందో నాకు తెలియదు. కొంచెం సిగ్గేసిన మాట నిజమే. నువ్వు రాసినదాంట్లో కాదనడానికి లేని సంగతి ఉంది. మనది అనుకున్న వస్తువుని మన చేత్తో విప్పి బిగిస్తేనే అది మనదవుతుంది.

అయినా నా వైపు కూడా ఒక మాట ఉంది, విను. పోయిన నెల కామేష్ నా వెనక టైరు వేలితో చూపించి, "ఈ చీలిక ఎన్నాళ్ళ నుంచి ఉంది సార్?" అన్నాడు. రోజూ ఆ బండి తుడిచేవాణ్ణి, రోజూ దాని మీద కూర్చునేవాణ్ణి, నాకది కనబడలేదు. అలవాటైన వస్తువుని మనం చూడం బావా, అది బాగుందని అనుకుంటాం అంతే. చేసిందీ నేనే, బాగుందని చెప్పిందీ నేనే అయితే తప్పు పట్టుకునేదెవరు? నేను కామేష్‌కి ఇచ్చేది వాడి చేతుల కోసం మాత్రమే కాదు, వాడి కళ్ళ కోసం కూడా.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించాను. సమీర పోయిన ఆదివారం మీ ఇంటికి వచ్చింది కదా. రాత్రి మాకు ఫోను చేసింది. అత్త పెట్టిన చేపల పులుసు సంగతీ, సందులో నీళ్ళు నిలిచిన సంగతీ అన్నీ చెప్పింది. ఆ తర్వాత ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మామయ్య బండి వస్తోందని సందు మొదట్లోనే తెలిసిపోయింది నాన్నా. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. నన్ను దాటి వెళ్ళిపోతుంటే వెనక నుంచి మామయ్యా, మామయ్యా అని అరిచాను. తిరగలేదు. అక్కడ టీ తాగుతున్నవాళ్ళంతా తిరిగారు."

నువ్వేమో చప్పుడే లేదంటున్నావు. పిల్ల అబద్ధమాడదు. నువ్వూ ఆడవు. మరి ఏమిటిది బావా?

ప్రదీపు

*

గార్డెన్ రీచ్,
ఆగస్టు

ప్రదీప్‌కుమార్‌కి,

నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి ఇంజను చప్పుడు గురించి ఏం తెలుసు? న్యూ టౌన్‌లో ఏసీ కార్లు ఎక్కి తిరిగేవాళ్ళకి ప్రతిదీ చప్పుడే. ఆ రోజు వాన. పైగా హెల్మెట్ పెట్టుకుని ఉన్నాను. హెల్మెట్‌లో పిలుపు వినబడుతుందా? నువ్వు పెట్టుకుని చూడు.

ఇనప పని చేసే చోట జీవితమంతా గడిపినవాణ్ణి. ఏ చప్పుడు దేనిదో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మీరు నలుగురూ ఫోన్లలో నా గురించి మాట్లాడుకోవడం నాకు నచ్చలేదు.

మీ అక్క ఇప్పటికీ నా వెనకే కూర్చుంటోంది. ఆవిడకి లేని భయం నీకెందుకు?

కోదండం

*

పలాస,
సెప్టెంబరు, విశ్వకర్మ పూజ అయిన వారం

బావకి,

పూజ రోజున మీ వైపు ఆకాశం నిండా గాలిపటాలు ఎగిరి ఉంటాయి. నువ్వు బండి కడిగి, దండ వేసి, బొట్టు పెట్టి ఉంటావనుకుని పండగ పలకరింపుకి అక్కకి ఫోను చేశాను. "పూజ సేసినావా అక్కా" అంటే మాట మార్చింది. చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. నీ మీద ఫిర్యాదు చేయలేదు, అది మాత్రం తెలుసుకో. చెబుతూ చెబుతూ ఏడ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి బావా.

పూజకి రెండు రోజుల ముందు, డ్యూటీకి వెళ్తూ డాక్ గేటు మలుపులో బండి ఆగిపోయిందట. నువ్వు దిగి, రోడ్డు మీదే ఇంజను మీదికి వంగావట. వెనక నుంచి కంటైనర్ లారీ. హారన్ కొడుతూనే ఉన్నాడట. "ఒకటే మోత ప్రదీపూ. నా గుండెలదిరిపోనాయి. ఆయన తల ఎత్తడే. సొక్కా కాలరట్టుకుని ఈడ్సీసినాను" అంది. లారీ మీ ఇద్దరికీ బెత్తెడు దూరంలో ఆగిందట, బండి అద్దం ఊడిపడిందట. డ్రైవరు దిగొచ్చి, అంతసేపు హారన్ కొడితే వినబడలేదా, చెవిటివాడివా అని అరిస్తే, నువ్వు బండి కాగితాలు అడుగుతున్నాడనుకుని జేబులోంచి తీసి చూపించావట.

ఇది విన్నాక నీ ఉత్తరాలు మళ్ళీ తీసి చదివాను. కార్ఖానాలో ఆ రోజు ఒక్క పనీ చేయలేదు.

ఇంక ముసుగులో గుద్దులాట వద్దు. నీకు వినబడటం లేదు బావా. సరిగ్గా ఎప్పటి నుంచో నాకు తెలియదు. అందుకే ఫోను ఎత్తవు, అందుకే ఉత్తరాలు. నేను ఇదంతా నీ సరదా అనుకున్నాను. కవరు అంటించుకుంటూ మురిసిపోయాను కూడా.

నీ మీద నాకు కోపం ఉంది. చాలా ఉంది. వినబడకపోవడం నీ తప్పు కాదు. వినబడదని తెలిసీ మా అక్కని వెనక కూర్చోబెట్టుకోవడం మాత్రం తప్పే. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి ఆవిడ. మెకానిక్కి ఇస్తావో, అమ్మేస్తావో, హుగ్లీలో పారేస్తావో నాకు అనవసరం. ఇవాళ ఆవిడ బస్సెక్కి వెళ్తోందని విని ఊపిరి పీల్చుకున్నాను. నాకు ఒక్కటి చెప్పు, ఎందుకు దాచావు?

నువ్వు జవాబు రాయకపోతే నేనే రైలెక్కి వస్తాను.

ప్రదీపు

*

గార్డెన్ రీచ్,
నవంబరు

చిరంజీవి ప్రదీపుకి ఆశీస్సులు.

దుర్గాపూజ వెళ్ళిపోయింది, కాళీపూజ వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ కాగితం ముందు కూర్చోవడం, లేవడం. నువ్వు రైలెక్కకుండా ఆగావంటే మీ అక్కే ఆపి ఉంటుంది.

నీ కోపం న్యాయమైనది. అడిగావు కాబట్టి చెప్తాను.

మొదట కుక్కరు విజిల్ పోయింది. తర్వాత ఫోనులో మాటలు ముద్దగా అయ్యాయి, ఎవరో నోట్లో గుడ్డ పెట్టుకుని మాట్లాడుతున్నట్టు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేవాణ్ణి. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి. ఇదంతా పెద్ద కష్టం కాదు. కష్టం ఎక్కడంటే అభిజిత్ షెడ్డులో. మెకానిక్ మొట్టమొదట చేసే పని ఏమిటి? బండి స్టార్ట్ చేసి, తల ఓ పక్కకి వంచి, "దాదా, ఆవాజ్‌టా షున్‌ఛేన్?" అని అడుగుతాడు. చప్పుడు వింటున్నారా అని. నేనేం చెప్పాలి? ఇంజను చప్పుడు విని రోగం చెప్పే కోదండం మిస్త్రీని కదా నేను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడక్కూడదు. అందుకే బండిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నా చేతికి మరలు తెలుసు, అదీ ఇదీ అని నీకు రాసిందంతా నిజమే. కాని అసలు కారణం మాత్రం అది కాదు.

టాపెట్లు ఎందుకు పాడయ్యాయో నీకూ అర్థమయ్యే ఉంటుంది. సన్నగా టిక్కుమనేదాకా తిప్పాలి. నాకు వినబడలేదు. సందు తక్కువైపోయిందేమో, వాల్వు మాడిపోతుందేమో అనుకుని వదులు చేస్తూ పోయాను. నాకు సన్నగా వినబడేసరికి ఊరంతటికీ డప్పు కొట్టినట్టయింది. దానికి తోడు బిగింపు నట్టు రోజురోజుకీ ఊడొస్తోంది. చెవి ఉన్నవాడెవడైనా వారం ముందే పట్టుకునేవాడు.

ఆ రోజు లారీ ఆగాక మీ అక్క ఊడిన అద్దం ఏరి నా చేతిలో పెట్టింది. బండి తోసుకుంటూ ఇంటికొచ్చాను, ఆవిడ బస్సెక్కి డ్యూటీకి వెళ్ళిపోయింది. మర్నాడూ బస్సే. నాకు తల కొట్టేసినట్టయింది. మూడో రోజున నేనూ అదే బస్సెక్కాను. ఆవిడ ఆడవాళ్ళ సీట్లో, నేను వెనక ఊచ పట్టుకుని. దిగాక నా వైపు చూసి, "నువ్వెందుకొచ్చినావు?" అంది, పెదాలు చూసి తెలుసుకున్నాను. "ఇది నా డ్యూటీ కదా" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, మొహం తిప్పుకుంది. అప్పటి నుంచి రోజూ అంతే, దింపి రావడం బస్సులో.

కాళీపూజ అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సమీర కూడా సెలవు పెట్టి వచ్చింది. ఆ పిల్ల మీద అంత మాట రాశాను, అదే నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఏవో పరీక్షలు చేసి చెవికి మిషన్ పెట్టారు. గింజంత ఉంది. పెట్టగానే నా చెప్పుల చప్పుడు నాకే వినబడి ఉలిక్కిపడ్డాను.

పోయిన శనివారం బండి అభిజిత్ దగ్గరికి తోసుకెళ్ళాం, ఇద్దరం. మీ అక్క వద్దన్నా వచ్చింది. అభిజిత్ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఊడిన నట్టు చేత్తో బిగించి, "ఒకసారి వింటాను దాదా" అని కిక్కు కొట్టాడు.

ప్రదీపూ, ఆ చప్పుడు నీకు ఎలా రాయను? సమీర అన్నది తక్కువే. ఇనప సామాన్ల దుకాణం మెట్ల మీద నుంచి దొర్లినట్టుంది. ఆపు, ఆపు అని అరిచాను. ఆపాడు. నేను మీ అక్క వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఇది వింటూ నా వెనక కూర్చున్నావా?" అన్నాను.

"మరేటి సెయ్యను" అంది. "బండి సప్పుడే సెయ్యట్లేదని నువ్వు ఊరంతా సెప్పుకుని తిరిగినావు. అంత సంబరంగా ఉన్నోడికి ఏటని సెప్పను? నట్టులు బిగిస్తే సప్పుడు తగ్గుతాదేమో, మెకానిక్కి సూపించమని మాత్రం అన్నాను. నువ్వు ఇనలేదు."

అక్కడే టైర్ల కుప్ప మీద కూర్చుండిపోయాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. అభిజిత్ టీ చెప్పడానికని బయటికి వెళ్ళిపోయాడు. మీ అక్క వచ్చి పక్కన కూర్చుని కొంగు ఇచ్చింది. పరువు, పరువు అనుకున్నాను గాని, నా పరువుని ఆవిడ వీపు మీద మోసినట్టు మోసిందని అప్పుడు తెలిసింది.

అభిజిత్ రేకు పెట్టి కొలిచి సరిచేస్తానన్నాడు. సరే అన్నాను. ఆ పట్టేసే మర సంగతి చెప్పాను, తలూపాడు. ఇంకేం చేస్తాడో నాకు తెలియదు, తెలియకపోయినా ఫర్వాలేదు. నూనె, చైను, ప్లగ్గు నేనే చూసుకుంటాను, అది వదలను. టాపెట్లు మాత్రం ఇక అతనివే. మీ అక్కని అడిగాను, "బండి వచ్చాక ఎక్కుతావా?"

"బాగుందని ఆడు సెప్పాలి. నువ్వు కాదు" అంది.

వేరేవాడి కళ్ళు కావాలని నువ్వు ఆగస్టులో రాసిన మాటే. మీ వంశంలోనే ఉంది కాబోలు.

తిరుగు బస్సులో జనం తక్కువ. పక్కన కూర్చోమంది. మిషన్ కొత్త కదా, కండక్టరు కేక, కిటికీ అద్దాల మోత, చిల్లర గలగల అన్నీ ఒకేసారి చెవిలో పడుతుంటే తల తిరిగిపోతోంది. ఆ గోలలో మీ అక్క ఏదో అంది. ఏమన్నావని అడిగాను.

"ఇనపడతందా?" అంది. ఆమెకి నమ్మకం కుదరలేదు.

వినబడుతోందన్నాను. అప్పుడు చెప్పింది. బండి మీద రోజూ నాతో మాట్లాడుతూనే ఉండేదట. వార్డులో ఎవరు ఏమన్నారో, కూర ఏం వండాలో, నీకు ఫోను చేస్తే నువ్వేమన్నావో, అన్నీ నా వీపుకి చెప్పేదట. నేను పలక్కపోతే కోపమేమో అనుకుందట. తర్వాత అర్థమయిందట. అర్థమయ్యాక కూడా కొన్నాళ్ళు చెప్పిందట. ఆ మీదట మానేసిందట. ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు ప్రదీపూ. ఆవిడ మాటలు ఆగిపోయాయని కూడా నేను గమనించలేదు. బండి మెత్తగా నడుస్తోందని మురుస్తూ పోయాను.

"అప్పుడు ఏం చెప్పావో ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఏటో, అన్నీ మర్సిపోనాను" అంది.

"గుర్తున్నవే చెప్పు."

మా స్టాపు దాటిపోయినా మేం దిగలేదు.

మీ బావ,
కోదండం